నీళ్లు రాకముందే గీసుకోవాల్సిన పటం



వానాకాలం వస్తే మన ఫోన్లలో మూడు అంకెలు తిరుగుతాయి: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటిదాకా అదే రికార్డు. 1990లో 70.8, 2022 జూలైలో 71.3. ఈ లెక్కలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ 43 అడుగులు అంటే మన గూడెంలో ఏ దారి తెగిపోతది? 48 అంటే ఎవరి గడపలోకి నీళ్లొస్తాయి? ఇది ఏ రికార్డులోనూ లేదు. మన ముసలోళ్లకు మాత్రం తెలుసు. 86లో నీళ్లు ఏ ఇప్పచెట్టు దాకా వచ్చాయో వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆ తరం వెళ్లిపోతే ఆ లెక్క కూడా పోతది.

మన ప్రాంతం మీద గీతలు గీసినోళ్లకు కొదవ లేదు. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం మండలాలను ఆంధ్రకు ఇచ్చారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. 2022లో చింతూరు, కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. గీత మారినప్పుడల్లా ఆఫీసు మారింది, సారు మారాడు, ఫైలు మారింది. వాగు దారి మాత్రం మారలేదు. ఇప్పుడు అడుగులు కొలిచేది తెలంగాణలో, గోదావరి ఎగదన్నితే శబరి పొంగి మునిగేది ఆంధ్రలో ఉన్న కూనవరం. పట్టణానికి కరకట్ట ఉంది. గట్టు అవతలి గూడేలకు ఏముంది?

ఇంకో సంగతి. మనల్ని ముంచేది గోదావరి ఒక్కటే కాదు. 2023 జూలై 27న ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని మింగింది. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు పోయి వేలేరుపాడు మండలం ఊళ్ల మీద పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం బస్తీలను ముంచింది. మన ఎర్రుపాలెం వైపు నీళ్లు కృష్ణకు పోతాయి కాబట్టి భద్రాచలం అడుగుల లెక్క అక్కడ పనికే రాదు. అంటే ఎర్రుపాలెం తండాకు ఒక లెక్క, చర్ల గూడేనికి ఇంకో లెక్క కావాలి. ఆ లెక్క ఎక్కడివాళ్లు అక్కడ రాసుకోవాల్సిందే.

బయటి ప్రపంచం దీన్ని ఆలస్యంగానే నేర్చుకుంది. 2010లో హైతీలో భూకంపం వచ్చాక, ఎక్కడెక్కడో ఉన్న వలంటీర్లు ఉపగ్రహ ఫొటోలు చూసి అక్కడి వీధుల పటం గీశారు. సాయం చేసేవాళ్లకు అది బాగా ఉపయోగపడింది, కానీ అప్పటికే ఇళ్లు కూలిపోయాయి. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లో లెక్క తిరగేశారు. జమున నది వరద పెరుగుతుందని అంచనా రాగానే, నీళ్లు గరిష్ఠానికి చేరకముందే కుటుంబాలకు ఫోన్లోనే 4,500 టాకాలు పంపారు. ఆ డబ్బుతో తిండి కొనుక్కోవచ్చు, గొడ్డూగోదాను గట్టుకు చేర్చుకోవచ్చు. ఎవరికి పంపాలో ముందే జాబితా ఉంది కాబట్టే అది కుదిరింది.

మన దగ్గరా ఇలాంటి పని మొదలైంది. వరద ముందు గర్భిణులను ఆసుపత్రికి దగ్గరగా తరలిస్తున్నారు. కానీ వాగు అవతల ఏ గూడెంలో ఎవరున్నారో తెలిస్తేనే కదా బండి వచ్చేది. ఉపగ్రహానికి ఇంటి కప్పు కనపడతది, ఆ ఇంట్లో నడవలేని తాత ఉన్నాడని కనపడదు.

పటం గీయడం మనకు కొత్త కాదు. వెలుగు రోజుల్లో మన అమ్మలు నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేసి, ఏ ఇంట్లో తిండికి ఇబ్బందో గుర్తుపెట్టారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ఎన్నుకున్న కమిటీలు గుట్టలు, వాగులు, దేవరల చోట్లు గుర్తులుగా పెట్టుకుని హద్దులు చూపించాయి. అంతకుముందు అడవి పటాలు చాలావరకు కలప కోసం, పన్ను కోసం గీసినవే. మన నోటిమాటతో గీసిన పటానికి చట్టంలో విలువ వచ్చింది అప్పుడే. పోడు కోసం పట్టిన ఆ కలాన్నే ఇప్పుడు ప్రాణం కోసం పట్టాలి.

ఒక భయం ఉంది, దాన్ని దాచొద్దు. పట్టా లేని గూడేలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు "పటంలోకి ఎక్కితే ఫారెస్టోళ్లు వచ్చి ఖాళీ చేయిస్తారు" అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ పటంలో లేని గూడేనికి పడవ కూడా రాదు. అందుకే పటం గ్రామసభ దగ్గరే ఉండాలి. ఎవరికి ఏది చూపించాలో ఆ కుటుంబాలను అడిగే తేల్చాలి. గర్భిణుల పేర్లు, జబ్బుల వివరాలు వాట్సాప్‌లో పెట్టకండి. షీటు మీద గుర్తు చాలు, పేర్లు ఆశా అక్క దగ్గర ఉంటాయి.

చేయాల్సింది ఇంతే. ఒక చార్టు తీసుకోండి. ఊరి పెద్దలను, అమ్మలను కూర్చోబెట్టండి. 86, 90, 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీయండి. ముందు మునిగే కల్వర్టు, తెగే దారి, ఎత్తు మీదున్న బడి, తాగే నీళ్ల బోరు, నాటుపడవ ఉన్న ఇల్లు, డోలీ మోయాల్సిన ఇళ్లు గుర్తుపెట్టండి. ఏ దారి ఎన్ని అడుగులకు తెగుద్దో పక్కన రాయండి. వాగు ఊళ్లయితే, పైన ఎక్కడ వాన పడితే ఎంతసేపటికి నీళ్లొస్తాయో రాయండి. గ్రామసభలో చదివి తీర్మానం చేసి, చూపించొచ్చు అనుకున్నంత వరకు ఒక కాపీ పంచాయతీకి, ఒకటి ఐటీడీఏకు ఇచ్చి రసీదు తీసుకోండి. రెండు రాష్ట్రాల హద్దులో ఉన్నవాళ్లు రెండు వైపులా ఇవ్వండి.

మృగశిర కార్తె లోపు ఒక్కో ఊరికి ఒక్కో పటం కావాలి. సెలవులకు ఊరికి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఏ గూడెం పటం ఎవరు గీస్తారో కింద రాయండి.