వ్యాయామోపాధ్యాయుని రెండు సంధ్యలు

కళాశాల క్రీడాస్థలమునకు జీవకళ వచ్చునది రెండు సంధ్యలలోనే. తెల్లవారుజామున పరుగు, సాయంకాలమున ఆట. నడుమ పాఠముల కాలము. గృహమునకును ముఖ్యమైన వేళలు ఆ రెండే: బిడ్డలు బడికి బయలుదేరు వేళ, ఇంట దీపము పెట్టు వేళ. ఆ రెండు వేళలయందును వ్యాయామ శిక్షకుడు ఇంట నుండుట అరుదు. ఈ చిక్కు ఎట్లు వచ్చినదో చరిత్ర కొంత చెప్పును.

తొలినాళ్ల బడులలో నుండినవాడు డ్రిల్లు మాస్టరు. కవాతు నేర్పుట అతని పని. గంటతో ఆరంభము, గంటతో ముగింపు. పండితుల సరసన ఆసనము లేకపోయినను సాయంకాలము మాత్రము అతనిదే.

1920లో హ్యారీ క్రో బక్ గారు మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించిరి. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారత జట్టు వెంట వెళ్లినవారు వీరే. కవాతు స్థానమున ఆట వచ్చినది; ఒక్కొక్క విద్యార్థి దేహమును, స్వభావమును తీర్చిదిద్దుట ధ్యేయమైనది. డ్రిల్లు మాస్టరు ఫిజికల్ డైరెక్టరైనాడు. గౌరవము పెరిగినది, పనికి హద్దు గీచిన గంట మాత్రము మాయమైనది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1945లో ఏలూరున సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల, 1953లో అచ్చటనే సెయింట్ థెరిసా మహిళా కళాశాల వెలసినవి. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు ఏర్పడినది. కళాశాల యున్నచోట జట్టుండును; జట్టున్నచోట పోటీలుండును. పిల్లలను రైలెక్కించుట, బత్తెముల లెక్క, కాలు బెణికినవానికి కట్టు, ఓడినవానికి ఓదార్పు, అన్నియు సాధారణముగా ఒక్కని భారమే. గాయములను కనిపెట్టు శిక్షకులకు అమెరికాలో 1950లోనే ప్రత్యేక జాతీయ సంఘ మేర్పడినది. మన యొద్ద ఆ పనియు తరచుగా ఫిజికల్ డైరెక్టరుదే.

కొల్లేటి సీమలో ఋతువు కూడ తన బరువు మోపును. బుడమేరు, తమ్మిలేరు పొంగు కాలమున తడిసిన రేగడినేల అడుగు సాగనీయదు. పోయిన దినములను ఆదివారములతో పూరింపవలెను. దూరపు లంకగ్రామమునకు పోవు విద్యార్థికి బస్సు దొరకు వరకు గురువు మనస్సు కుదుటపడదు. శిక్షకురాలికైనచో ఇల్లు చేరిన పిమ్మట మరియొక కొలువు ఆరంభమగును. పొయ్యి ఆమె కొరకే వేచియుండును.

పరసేవలో శక్తి హరించుకుపోవు ఈ స్థితిని 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త వర్ణించి 'బర్నవుట్' అని వ్యవహరించెను. ఇది రోగము కాదనియు, చక్కదిద్దని ఉద్యోగపు ఒత్తిడి ఫలితమనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. ఈ మాట మిక్కిలి గమనింపదగినది. లోపము మనిషి ధైర్యములో లేదు. పని యేర్పాటులో నున్నది. కనుక మందు కూడ ఏర్పాటులోనే వెదకవలెను.

శిక్షకుల గౌరవార్థము 1985లో ద్రోణాచార్య పురస్కార మేర్పడినది. అది ఉచితమే, కాని పురస్కారము సాయంకాలమును తిరిగి ఈయజాలదు. ఉదయము ఒకరు, సాయంకాలము ఒకరు పని పంచుకొనుట, పోటీల ప్రయాణము ముగిసిన పిమ్మట ఒకటి రెండు దినముల విశ్రాంతి, వారమున కొక సాయంకాలము ఇంటికి విడుచుట, ఇవి పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు.

ఇంటిల్లిపాదియు ఒకచోట చేరు వేళ మన బిడ్డ ఇంకను మైదానమున ఆడుచుండవచ్చును. వానిని కనిపెట్టుకొని అచ్చట నిలిచియున్నవాని ఇంటిలోను ఒక బిడ్డ గుమ్మము వైపు చూచుచుండునని మనము మరువరాదు.