హనోయిలో రెండు ఇళ్లు

హనోయిలో హో చి మిన్‌కి రెండు ఇళ్లున్నాయి. ఒకటి ఆయన కోరుకున్నది, రెండోది వద్దన్నది.

బా దిన్ మైదానంలోని సమాధి మందిరంలో ఆగడానికి లేదు, మాట్లాడటానికి లేదు. అద్దాల పెట్టెలో ఉన్న దేహాన్ని చూస్తూ నడిచిపోవాలి. బయటికొచ్చి కాస్త నడిస్తే చేపల చెరువు, పక్కనే స్తంభాల మీద చెక్క ఇల్లు. ఫ్రెంచ్ గవర్నర్ జనరల్ కోసం కట్టిన భవనంలో ఉండనని 1958లో ఆయన మారింది ఇందులోకే. పైన రెండే చిన్న గదులు.

తనని దహనం చేసి, బూడిదని ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాల్లో పాతిపెట్టమని వీలునామాలో రాసుకున్నాడు. 1969లో చనిపోయాక పార్టీ ఆ మాట దాచిపెట్టింది. 1975లో మందిరం తెరిచింది. 1989లో గానీ అసలు కోరిక బయటపెట్టలేదు.

1945లో ఆయన దేశ స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది ఈ మైదానంలోనే. తన దేహం విషయంలో మాత్రం ఆయన మాట చెల్లలేదు. ఆ మనిషి ఎలా బతకాలనుకున్నాడో తెలియాలంటే చెక్క ఇంటి దగ్గరే కాసేపు ఎక్కువ నిలబడాలి.