మోగవలసిన కుండ, మోగరాని పెట్టె: అనునాద నియంత్రణపై చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

కర్నూలు జిల్లాలో తుంగభద్రా తీరాన వెలసిన మంత్రాలయానికి పూర్వనామం మంచాల. శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో ఇక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఆయన పూర్వీకులు వీణా విద్వాంసులనీ, ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారనీ సంప్రదాయం చెబుతుంది. ఈ నాదవారసత్వాన్ని ఆధారం చేసుకొని, ఇంట తయారయ్యే స్పీకరు పెట్టెలలోని అనునాద సమస్యను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. గుణమే దోషమైన తీరు

వీణ తీగ తనంతట తాను కదిలించగల గాలి స్వల్పం. దాని కంపనం గుర్రం మీదుగా పనసకర్ర కుండకు చేరినప్పుడే నాదం నిండుతుంది. అక్కడ అనునాదం గుణం. 1925లో రైస్, కెల్లాగ్‌లు ఆధునిక లౌడ్‌స్పీకరుకు రూపమిచ్చిన తరువాత పెట్టె పాత్ర తారుమారైంది. స్పీకరు పెట్టె వినిపించవలసింది పరుల గొంతునే. తన గొంతు కలిపితే అది దోషం. 60 సెంటీమీటర్ల లోపలి ఎత్తు గల పెట్టెలో తొలి స్థిరతరంగం సుమారు 287 హెర్ట్జ్ వద్ద ఏర్పడుతుంది. ఇది మానవ స్వర పరిధిలోనిదే కనుక ప్రవచనంలోని మాట స్పష్టత కోల్పోతుంది.

3. నియంత్రణ మార్గాలు

పొడవు, వెడల్పు, ఎత్తులు సమానమైతే మూడు దిశల అనునాదాలు ఒకేచోట పోగవుతాయి; కొలతలు భిన్నమైతే విడిపోతాయి. తొలి స్థిరతరంగంలో గాలి కదలిక గోడల వద్ద శూన్యం, నడుమ అత్యధికం. అందువల్ల గోడకు అంటించిన పలుచని పొరకన్న నడుమ వదులుగా నింపిన పీచు ఎక్కువ ఫలితమిస్తుంది. 1965లో బెయిలీ ఇందుకు పొడవు పోగుల ఉన్నిని వినియోగించారు. పలకల కంపనం వేరే సమస్య. అడ్డుబద్దలు ఆ కంపన పౌనఃపున్యాన్ని పెంచుతాయే గాని కంపనాన్ని హరించవు. అందుకే బ్రిగ్స్ రెండు పలకల నడుమ ఇసుక నింపారు. 1977లో హార్వుడ్, బి.బి.సి. పరిశోధనలో, పలుచని పలకకు మందమైన బిటుమెన్ పొర మేలని వివరించారు.

4. ముగింపు

ఇసుక, ఉన్ని రెండూ రాయలసీమకు పరిచితమైన పదార్థాలే: ఒకటి తుంగభద్ర ఇచ్చేది, మరొకటి గొంగడి నేతగాళ్లు వడికేది. కుండను పలికించే నేర్పుకూ పెట్టెను మౌనంగా ఉంచే నేర్పుకూ మూలం ఒకే కంపన జ్ఞానం. వీణ తయారీకి మన భాషలో పదసంపద ఉంది. పెట్టె చేసే వడ్రంగి, మైకుసెట్టు పనివాడు వాడే మాటలకూ నిఘంటువులలో అటువంటి చోటు దక్కాలి. ఆ మాటలు నమోదు కాకపోతే వాటితోపాటు ఆ చేతిపని జ్ఞానమూ మరుగున పడుతుంది.