తెర మీద కనిపించిన గోదావరి, ఇసుక కింద కనిపించని గోదావరి

ఈ ఎపిసోడ్‌లో రెండు మాటల చరిత్ర చెప్తాను. ఒకటి లీన్, రెండోది బిమ్. సివిల్ ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్వ్యూల కోసం ఈ రెండూ బట్టీ పడుతున్నారు. నేను మాత్రం వీటిని మేడిగడ్డ దాకా తీసుకెళ్లి చూపిస్తా.

ముందు ఇంటి సంగతి. మన దిక్కు ఇల్లు కడుతుంటే మీరు చూసే ఉంటారు. గోడ కట్టి ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు పనాయన వస్తాడు, పైపు కోసం అదే గోడకు గాడి కొడతాడు. ఆయన పోయాక ప్లంబర్ వచ్చి ఇంకో పక్క పగలగొడతాడు. మేస్త్రీ మళ్లీ సిమెంటు పూస్తాడు. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు, కానీ ఒకే గోడకు రెండుసార్లు కూలి పోయింది. సిమెంటు కూడా రెండుసార్లు పోయింది. ఆ సిమెంటు ఎక్కడిదో మనకు తెలుసు. బసంత్‌నగర్ ఫ్యాక్టరీ 1969లో, దేవాపూర్ ఫ్యాక్టరీ 1982లో మొదలయ్యాయి. ఇసుకేమో మానేరుది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తుంది. అంటే పర్యావరణం పేరుతో టెర్రస్ మీద సోలార్ పెట్టేకంటే ముందు, కట్టిందాన్ని మళ్లీ పగలగొట్టకుండా ఉండటమే పెద్ద పని.

లీన్ అనేది ఇక్కడే పుట్టింది. అంటే వృథా మీద కోపం నుంచి. జపాన్‌లో టయోటా కంపెనీలో తైచీ ఓనో అనే ఆయన కార్ల తయారీలో ఎదురుచూపులు, అనవసరపు నిల్వలు, చేసిన పనే మళ్లీ చేయడం, వీటన్నిటినీ వృథాగా లెక్కగట్టి తగ్గించాడు. 1992లో ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ కోస్కెలా, స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఒక నివేదిక రాసి, ఈ ఆలోచన బిల్డింగ్ పనికీ పనికొస్తుందన్నాడు. తర్వాత గ్లెన్ బలార్డ్ అనే అమెరికన్ ఒక పద్ధతి తయారుచేశాడు. ఆఫీసులో కూర్చున్న మేనేజర్ కాదు, సైట్‌లో పని చేయించే మేస్త్రీయే వచ్చే వారం ఏం చేయగలడో మాట ఇవ్వాలి. వారం చివర ఎన్ని మాటలు నిలబడ్డాయో లెక్క చూడాలి. నిలబడకపోతే తిట్టడం కాదు, ఎందుకు నిలబడలేదో వెతకాలి. నాకు లీన్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. దీని మూలాలు 1970ల మధ్యలో, చక్ ఈస్ట్‌మన్ చేసిన పరిశోధనలో ఉన్నాయి. ఇది కాగితం మీద గీతల్లాంటిది కాదు. కంప్యూటర్‌లో ముందే ఆ బిల్డింగ్‌ను కట్టేయడం. ఏ బీమ్‌కు ఏ పైపు అడ్డం వస్తుందో తెరే చెప్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా ఉపయోగపడతాయో 2010లో రఫాయెల్ సాక్స్, కోస్కెలా, మరో ఇద్దరు కలిసి లెక్కేస్తే 56 చోట్ల సంబంధం దొరికింది.

ఇక మన గోదావరి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేశారు. శ్రీరాంసాగర్ పని పదేళ్లు దాటి సాగింది. మన రాష్ట్రంలో పాత ప్రాజెక్టుల కింద పాలమూరు లేబర్ చెమట ఎంతుందో వేరే ఎపిసోడ్‌లో చెప్తా. 2008లో పాత ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత మీద ఇంకో పథకానికి పునాది పడింది. తెలంగాణ వచ్చాక డిజైన్ మారింది. బ్యారేజీ పాత కరీంనగర్ జిల్లాలోని మేడిగడ్డకు వచ్చింది. 2016 మార్చి 31న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో తెర పెట్టి, గూగుల్ ఎర్త్ మీద గోదావరిని చూపిస్తూ కొత్త ప్లాన్ వివరించారు. సర్వేకు లైడార్ వాడారు, అంటే విమానం నుంచి లేజర్ వేసి నేల ఎత్తుపల్లాలు కొలవడం. దీన్ని బిమ్ అని నేను అనను. కానీ ముందు తెర మీద చూసి తర్వాత నేల మీద కట్టాలన్న ఆలోచన అదే.

2016 మేలో పని మొదలు, 2019 జూన్ 21న ప్రారంభం. 85 గేట్లు. 2018 డిసెంబర్‌లో అక్కడ 24 గంటల్లో 16 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి రికార్డు అన్నారు. మనమంతా ఆ వీడియోలు షేర్ చేశాం.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. వేగంగా కాంక్రీటు పోస్తే అది లీన్ కాదు. ఒక్కరోజులో ఎంత పోశామన్నది లీన్ అడగదు. పోసింది మళ్లీ తవ్వాల్సి వస్తుందా అని అడుగుతుంది.

2023 అక్టోబర్ 21 సాయంత్రం ఏడో బ్లాక్‌లో పియర్లు కుంగాయి. కేంద్ర డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ వచ్చి చూసింది. ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ, నాలుగింటిలోనూ లోపాలున్నాయంది. పునాది కింది ఇసుక నీటితో పాటు కొట్టుకుపోవడమే పియర్లు కుంగడానికి కారణమై ఉండొచ్చని చెప్పింది. ప్రారంభం తర్వాత జరగాల్సిన తనిఖీలు సరిగ్గా జరగలేదని కూడా అంది. తప్పు ఏ పార్టీది అన్న గొడవ టీవీల్లో రోజూ నడుస్తుంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం.

నాకు కనిపించేది వేరే. లైడార్ నేల పైభాగాన్ని చూస్తుంది, ఇసుక లోపలికి చూడలేదు. ఇసుక కింద ఏముందో బోరు వేస్తేనే తెలుస్తుంది. ఆ బోరు లెక్కలు మోడల్‌లోకి ఎక్కాలి. కట్టేటప్పుడు సైట్‌లో ఏం మారిందో అదీ ఎక్కాలి. కట్టాక ప్రతి వానాకాలం తర్వాత తీసిన కొలతలు కూడా అదే మోడల్‌లో చేరాలి. బిమ్‌ను మెయింటెనెన్స్ దాకా నడపాలని ఇంజినీర్లు అడిగేది ఇందుకే. ఇక ఆ కొలత తీసే సైట్ ఇంజినీర్‌కు "సార్, ఇక్కడ నీళ్లు ఊరుతున్నాయి, పని ఆపండి" అనే హక్కు ఉండాలి. టయోటాలో లైన్‌లో నిలబడ్డ కార్మికుడు తాడు లాగితే లైన్ ఆగేది. సాఫ్ట్‌వేర్ కొనడం తేలిక. ఆ తాడు ఒక జూనియర్ ఇంజినీర్ చేతికివ్వడమే కష్టం.

మేడిగడ్డ కుంగాక వేసిన నిపుణుల కమిటీ 2024లో మధ్యంతర నివేదిక ఇచ్చింది. బ్యారేజీల కింద నేలను బోర్లతో, జియోఫిజికల్ పరీక్షలతో చూడాలని అందులో చెప్పింది. ప్రారంభమై అప్పటికి దాదాపు ఐదేళ్లు.