పటం వెనక పేరు

అక్కన్న మాదన్నల పేర్లు తెలియని తెలుగువారుండరు. వారి బొమ్మలు 1693లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక డచ్చి పుస్తకంలో అచ్చయిన సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. రాసినాయన డేనియల్ హావర్ట్. డచ్చి కంపెనీ కొలువులో కోరమాండల్ తీరాన పనిచేసి, స్వదేశం చేరాక పుస్తకం రాశాడు. ఒక విధంగా మన కోవలోని మనిషే!

ఆనాడు నెల్లూరు సీమ గోల్కొండ నవాబుల ఏలుబడిలో ఉండేది. మనకు దక్షిణాన పులికాట్‌లో 1613 నాటికే డచ్చివారు కోట కట్టారు. బట్టల కోసం వచ్చిన ఆ వర్తకులు ఇక్కడి రాజుల, మంత్రుల బొమ్మలూ కొన్నారు. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన 49 బొమ్మల పుస్తకం ఒకటి నేటికీ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆ నగర మేయరు నికొలాస్ విట్సెన్ దాన్ని సంపాదించాడు. 1686లోనే అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రాజ్యం పోయినా ముఖాలు మిగిలాయి.

ఫ్రాన్సులోనూ ఇటువంటి ముచ్చటే ఉంది. 16వ శతాబ్దిలో క్లూయే తండ్రీకొడుకులు గీసిన దర్బారు మనుషుల బొమ్మలను కాథరిన్ రాణి వందల సంఖ్యలో పోగుచేసింది. చాలా వాటిపై పేర్లు రాసి ఉండబట్టే ఎవరు ఎవరో పండితులు పోల్చగలుగుతున్నారు.

మన రాష్ట్రాల్లో అటువంటి సేవ చేసినవారు హైదరాబాదులో స్థిరపడిన చిత్రకారులు జగదీశ్ మిట్టల్ గారు. భార్య కమలగారితో కలిసి పాత చిత్రాలు, కళాఖండాలు కొని, 1976లో ట్రస్టుకు అప్పగించారు. తనకు తెలిసినదాన్ని దాచుకోకుండా గ్రంథాలుగా రాశారు. ఆంధ్ర రామాయణ చిత్రాలపై ఆయన పుస్తకాన్ని 1969లో లలితకళా అకాడమీ ప్రచురించింది. నిండు జీవితం గడిపి 2025లో కన్నుమూశారు.

ఆఫీసులో పనిచేసిన మనకు తెలుసు, నెంబరు వేయని కాగితం ఉన్నా లేనట్టే. మన ఇళ్ల గోడల మీద తాతముత్తాతల ఫొటోలు ఎన్నో ఉన్నాయి. వారెవరో చెప్పగలిగిన ఆఖరి తరం బహుశా మనమే. సభ్యులందరికీ నా మనవి ఒక్కటే: ఈ వారమే ఆ పటాలు దించండి. వెనక మెత్తని పెన్సిలుతో పేరు, వరస, ఊరు, సంవత్సరం రాయండి. మనుమల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే మరీ మంచిది.