తోబుట్టువు మూలుగ

సత్యవేడులో పెద్ద జబ్బంటే మద్రాసు దారి పట్టడమే. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు రాష్ట్రంలోదే. తిరుత్తణి అటు మద్రాసుకు పోయి సత్యవేడు ఇటు ఆంధ్రకొచ్చినా ఆ అలవాటు పోలేదు. రక్తపు జబ్బయితే చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా గుర్తొస్తుంది. డాక్టర్ మామెన్ చాందీ బృందం 1986లో అక్కడ మూలుగ మార్పిడి మొదలుపెట్టింది. అంతకు మూడేళ్ల ముందే, 1983లో, బొంబాయి టాటా మెమోరియల్‌లో మన దేశపు తొలి మార్పిడి జరిగింది.

ఈ వైద్యం పుట్టింది అమెరికాలో, అదీ వరస ఓటములతో. 1957లో డొనాల్ థామస్ ఆరుగురు రోగులకు పరాయి మూలుగ ఎక్కించిన సంగతి ప్రకటించాడు. ఒక్కరూ దక్కలేదు. కొత్త కణాలు నాటుకోకపోవడం ఒక చిక్కు. నాటుకున్నాక రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడటం అంతకన్నా పెద్ద చిక్కు.

ఆ తిరుగుబాటును అణిచిన మందుల్లో ఒకటి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చింది. అన్నను స్ప్రూ అనే పేగుల జబ్బు బలిగొంటే, మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరినవాడాయన. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే అణువులను కూడా అక్కడే చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను కొన్నాళ్లు వెనక్కి నెట్టగలిగాడు. 1948 ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఆ అణువుల్లోదే అయిన మెథోట్రెక్సేట్ ఎలుకల్లో దాత కణాల దాడిని తగ్గిస్తుందని పరిశోధకురాలు డెల్టా అప్‌హాఫ్ చూపింది 1958లో. ఈనాటికీ చాలామంది రోగులకు మార్పిడి అయిన మొదటి రోజుల్లో ఆ మందే కొద్ది మోతాదుల్లో పడుతుంది. దీన్ని సుబ్బారావు ఊహించి ఉండడు. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది, మనవాడికి రాలేదు. ఆ బాధ తెలుగువాళ్లకు ఎప్పుడూ ఉన్నదే.

దాత ఎవరంటే తోబుట్టువే అన్నది మొదటి సూత్రం. కణాల మీది గుర్తులు, అంటే హెచ్‌ఎల్‌ఏ, పూర్తిగా కలిసే అవకాశం ఒక్కో తోబుట్టువుతో నాలుగింట ఒకటి. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో బంధువుల్లోనూ కలిసేవాళ్లు దొరకొచ్చు.

సరిగ్గా అక్కడే మెలిక పడింది. కొన్ని కుటుంబాల్లో లుకేమియా ముప్పు వారసత్వంగా వస్తుందని జన్యువులు చెప్పసాగాయి: 1999లో రన్‌ఎక్స్1, 2004లో సీఈబీపీఏ, 2015లో డీడీఎక్స్41. చివరిది మహా గడుసుది. చాలామందిలో అరవై దాటేదాకా బయటపడదు. కాబట్టి నలభై ఐదేళ్ల తమ్ముడి రక్తపరీక్ష నిక్షేపంగా ఉన్నా, అన్న జబ్బుకు కారణమైన దోషం అతనిలోనూ ఉండే అవకాశం సగానికి సగం. అలాంటి మూలుగ ఎక్కిస్తే దాత కణాల్లోంచే లుకేమియా మళ్లీ మొలిచిన సందర్భాలున్నాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వారసత్వ రకాలను వర్గీకరణలో విడిగా చేర్చింది.

అందుకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రక్తపు జబ్బులు వచ్చాయని తెలిస్తే, హెచ్‌ఎల్‌ఏ కలిసిందని సంబరపడే ముందు తోబుట్టువు జన్యువులు కూడా చూడాలంటారు డాక్టర్లు. దోషం కనబడితే 2009లో చెన్నైలో మొదలైన దాత్రి లాంటి దాతల పట్టికల్లో పరాయివాళ్లను వెతుకుతారు. దానం చేద్దామని వచ్చిన తమ్ముడికి మాత్రం అప్పటినుంచి ఏటా రక్తపరీక్ష చేయించుకోమని చీటీ రాసిస్తారు.