టిప్పు పోయాడు, తగవు మిగిలింది

రోమ్ సైన్యం కార్తేజ్ నగరాన్ని తగలబెట్టింది క్రీస్తుపూర్వం 146లో. ఓడినవాళ్ల తరఫున సంధి పత్రం మీద సంతకం పెట్టేందుకు ఎవరూ మిగల్లేదు. ఆ లోటు 1985 ఫిబ్రవరిలో తీరింది. రోమ్ మేయర్ ఉగో వెతెరే, కార్తేజ్ మేయర్ షాద్లీ క్లిబీ ట్యునీషియాలో కలుసుకుని, యుద్ధం ముగిసిందని రాసుకున్నారు. ముచ్చటైన తంతే గానీ, ఆ కాగితం వల్ల ఎవరి పొలం గట్టూ జరగలేదు.

మన చిత్తూరు పడమటి సీమ కథ దీనికి తలకిందులు. ఇక్కడ సంతకాలకు కొదవే లేదు. మైసూరుకీ ఇంగ్లీషు కంపెనీకీ 1767, 1799 మధ్య నాలుగు యుద్ధాలు జరిగాయి. ప్రతిదాని చివరా ఒక ఒప్పందం. తగవు ఆ కాగితాల్లోనే కాపురం పెట్టింది.

రెండో యుద్ధం మధ్యలో, 1782 డిసెంబరు 7న, హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో రాచపుండుతో కన్నుమూశాడు. కొడుకు టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు. నవాబు పోయాడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుందని పూర్ణయ్య, కృష్ణారావు వంటి మంత్రులు నోరు మెదపలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కోలారుకు పంపించారు. యుద్ధం మొదలుపెట్టినవాడు లేకపోయినా యుద్ధం 1784 మంగళూరు సంధి దాకా నడిచింది.

1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో టిప్పు నేలకొరిగాడు. ఇక పంపకాలు. మదనపల్లె సంగతి మరీ విడ్డూరం. టిప్పు నుంచి 1792లో కొంత, 1799లో కొంత నిజాం దక్కించుకున్న నేలలోది ఈ ప్రాంతం. తన రక్షణ కోసం పెట్టుకున్న కంపెనీ పటాలం ఖర్చుల కింద, 1800 అక్టోబరులో నిజాం ఆ నేలంతా కంపెనీకే రాసిచ్చాడు. యుద్ధంలో వచ్చిన ఆస్తి కాపలావాడి జీతానికి జమ! అవే మన దత్త మండలాలు.

పుంగనూరుది ఇంకో దారి. పిలిస్తే బంట్లను వెంటేసుకుని రావడం పాలెగాడి బాధ్యత. కంపెనీ మాత్రం రొక్కమే అడిగింది. పాలెగాడు జమీందారై పేష్కషు కట్టాడు. చిత్తూరు పాలెగాళ్లు కొందరు 1804లో తిరగబడితే కంపెనీ అణచేసింది గానీ, పుంగనూరు జమీ 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా నిలిచింది. చిత్తూరు సహా కర్ణాటక రాజ్యాన్ని 1801లో కంపెనీకి వదిలేసిన ఆర్కాటు నవాబు వంశానికి భారత ప్రభుత్వం ఈనాటికీ రాజకీయ పింఛను ఇస్తోంది. ఎవరి యుద్ధానికి ఎవరు కిస్తీ కడుతున్నారో!

అసలు చిక్కు కుప్పంలో ఉంది. నందికొండల్లో పుట్టిన పాలారు కర్ణాటకలో 93 కిలోమీటర్లు, మన రాష్ట్రంలో కుప్పం ప్రాంతం మీదుగా 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారుతుంది. టిప్పు పోయాక పై భాగం మైసూరు వడయార్ల కింద, కింది భాగం మద్రాసు కింద ఉండిపోయాయి. పైవాళ్లు చెరువులు పెంచుకుంటే కిందివాళ్లకు నీళ్లెలా అన్న పేచీ ముదిరి 1892 ఫిబ్రవరి 18న ఒప్పందం అయింది. పాలారుతో కలిపి 15 నదుల మీద మైసూరు కొత్త కట్టడాలేవైనా తలపెడితే ముందుగా మద్రాసుకు తెలిపి ఒప్పించాలి. అప్పుడు కుప్పం మద్రాసు పక్షమే. కంగుంది జమీందారీకి కేంద్రం అది.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఏరు కదల్లేదు, కుప్పమూ కదల్లేదు, హద్దు మాత్రం కదిలింది. 2006లో కుప్పం దగ్గర గణేశపురంలో జలాశయం కడతామని మన ప్రభుత్వం అంటే, తమిళనాడు 1892 ఒప్పందం చూపించి సుప్రీంకోర్టుకెక్కింది. అంటే ఒకప్పుడు ఏ కాగితం తన పక్షాన రాశారో, ఆ కాగితమే కుప్పానికి ఎదురు సాక్ష్యమైంది. వేలూరు రైతు దృష్టిలో ఇవాళ కుప్పమే మైసూరు. ఆయన భయమూ ఊరికే పుట్టలేదు. పాలారులో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు కుప్పానికి హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు తెస్తున్నారు. ఆ కృష్ణ పంపకం మీద 2004లో వేసిన ట్రిబ్యునల్ విచారణ ఇంకా తెమల్లేదు.